ఎలుకకి జ్వరం, నాకు మంచం

సోమవారం

గుమ్మం మీద పసుపు దీపం పడినవాళ్ళు రోజూ తమ జ్వరం ఎలా ఉందో రాసి జతశాలకి ఇవ్వాలి. నాకు జ్వరం లేదు. అయినా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. కూర్చోలేక మానేశాను. మాస్టారు ఒకసారి నా కాలిని తువ్వాలుతో బల్లకి కట్టేస్తే బల్లతో సహా బయటికి వెళ్ళిపోయాను. రాత ఎలా ఉన్నా సర్దుకోండి.

పొద్దున్న రేవులో ఉన్నాను. పడవ ఇంజన్లు బాగుచెయ్యడం నా పని. ఇవాళ మాత్రం ఇంజను కాదు, లంగరు. పాత బస్టాండు కప్పులో ఇరుక్కుంది. పోటు తిరిగినప్పుడల్లా ఇదే గోల. నీళ్ళ అడుగునున్న ఊరు పైనున్న ఊరిని పట్టుకుని వదలదు. మునిగి, లంగరు విడిపించి పైకి తేలేసరికి చెక్కవంతెన మీద భీమశంకరం గారు గొడుగేసుకుని నిలబడి ఉన్నారు. ఆయన జతశాల అధికారి.

"నూకరాజూ, నీకు జ్వరం," అన్నారు.

"నాకా అండి?"

"నీకే. తెల్లవారినప్పట్నించీ నీ జత చక్రం తిప్పట్లేదు. మూలకి చేరి వణికిపోతోంది."

"వణికేది అది కదండి. నేను బానే ఉన్నానండి. ఇప్పుడే అడుగుదాకా ఎల్లొచ్చాను."

"జ్వరంతో నీళ్ళలో దిగావా!" అని కంగారుగా గొడుగు తెచ్చి నా మీద పట్టారు.

మా మడపాలెంలో ప్రతి మనిషికీ జతశాలలో ఒక ఎలుక ఉంటుంది, అదే ఆ మనిషి జత. బిడ్డ పుట్టగానే నెత్తుటి చుక్క తీసి, రోగాలతో పోట్లాడే జీన్లు అందులో ఎలా ఉన్నాయో చూసి, ఒక ఎలుకలో అచ్చం అలాగే దిద్దుతారు. బారసాలనాడు ఉయ్యాల్లో ముందు ఎలుకని వేస్తారు, తరవాత బిడ్డని. ఇద్దరికీ ఒకటే పేరు. ఎలుక ముసలిదైతే అదే అచ్చులో ఇంకోటి తీస్తారు. ఊరు తాగే నీళ్ళే వాటికీ పోస్తారు. ఎలుక చక్రం తిప్పుతుంటే మన గుమ్మం మీద ఆకుపచ్చ దీపం, అంటే పనికి పోవాలి. చక్రం ఆగితే పసుపు దీపం. అప్పుడు మంచం, జావ, మందు.

ఎలుక జ్వరంతో పోతే దీపం ఆరిపోతుంది. దీపం ఆరితే ఆ మనిషి పోయినట్టే. మా ఊళ్ళో అలా పోయినవాళ్ళు ముగ్గురున్నారు. రోజంతా రేవులో పేకాడుతుంటారు. చలమయ్య బాబాయి పోయి చాలాకాలమైంది. మంచి ఆటగాడు.

మంగళవారం

జ్వరం లేదు. ఆకలి ఉంది. జావ ఇచ్చారు.

నా ఎలుకలు చిన్నప్పట్నించీ ఇంతే. గాలి మారితే తుమ్ముతాయి. నేను మాత్రం పుట్టాక ఒక్కసారి కూడా తుమ్మలేదు. ఒంటి మీద ఎప్పుడూ ఏవో చిన్న పుళ్ళు ఉంటాయి, అంతే. ఊళ్ళోకి ఇప్పుడొచ్చినదాన్ని పీత జ్వరం అంటున్నారు. పీత పట్టుకున్నట్టు కీళ్ళు పట్టేస్తాయట.

సాయంత్రం అక్క రొయ్యల షెడ్డు నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. అక్క పేరు పేరంటాలు. అమ్మానాన్నా లేరు, నన్ను పెంచింది తనే. నుదుటి మీద చెయ్యి వేస్తే అట్లపెనంలా ఉంది.

"అక్కా, నీకు జ్వరం."

"ఏడిశావులే. బయట సూడు, దీపం పచ్చగా ఉంది."

చూశాను. మా గుమ్మం మీద రెండు దీపాలు. నాది పసుపు, అక్కది ఆకుపచ్చ.

"దీపం సంగతి కాదే. నీ ఒళ్ళు కాలిపోతంది."

"ఎండకి. నా జత గిరగిరా తిరుగుతుంటే నేను మంచమెక్కితే నలుగురూ నవ్విపోరూ? నువ్వు పడుకో, జ్వరం మనిషివి."

నన్ను మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, వణుకుతూ జావ కాచింది. కాచి నాకే ఇచ్చింది.

బుధవారం

మందు జతశాలలోనే ఇస్తారు. ఎలుకకి ఒక చుక్క, మనిషికి ఒక గ్లాసు. భీమశంకరం గారి ఎదుటే తాగి, నోరు తెరిచి చూపించాలి. అద్దాల బీరువా నిండా మందే. పసుపు దీపం ఊళ్ళో నాదొక్కటే కాబట్టి అంతా నాకే.

అక్కకి ఇప్పించమని అడిగాను.

"ఆవిడకి ఏమైంది?"

"పీత జ్వరమండి. నిలబడలేకపోతందండి."

ఆయన లేచి వెళ్ళి అక్క ఎలుకని చూసొచ్చారు. "సుబ్బరంగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మందిస్తే నా ఉద్యోగం పోతుంది నాయనా," అని గట్టిగా దగ్గారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను ఒక ఉపాయం చేశాను. గుక్కెడు మందు నాలుక కింద, బుగ్గల్లో దాచి నోరు కొంచెమే తెరిచి చూపించి బయటపడ్డాను. ఇంటికి వెళ్ళి గిన్నెలో ఉమ్మితే అక్క తాగుతుందా లేదా అన్నది తరవాతి సంగతి. వంతెన మీద పక్కింటి ఏడుకొండలు మావయ్య ఎదురయ్యాడు.

"మీ జతెలా ఉందిరా?"

మా ఊళ్ళో ఎదురుపడ్డవాళ్ళని ఇదే అడుగుతారు. అడిగాక జవాబు చెప్పకుండా పోతే అడిగినవాడి ఎలుకకి కీడు. మావయ్య మంచివాడు. నేను తల ఊపాను.

"తలూపితే ఏటి? నోరు పడిపోయిందా? నా జతకేవైనా అయితే నీదే పూచీ."

"పడుకునుంది మావయ్యా," అన్నాను. మందంతా గొంతులోకి జారిపోయింది.

"అయ్యయ్యో. నాది మా జోరుగా తిరుగుతంది," అని మావయ్య దగ్గుతూ, వంతెన కమ్మీ పట్టుకుని కింద కూలబడి, కాసేపు ఊపిరి పీల్చుకుని, పనికి వెళ్ళిపోయాడు.

గురువారం

పసుపు దీపం మనిషి తన జత దగ్గర తోడు కూర్చోవచ్చు. నేను కూర్చోలేను కాబట్టి పంజరాల మధ్య తిరుగుతున్నాను. ఊరంతా అక్కడే ఉంది, అరల్లో, పేర్లతో సహా. అన్ని చక్రాలూ తిరుగుతుంటే వాన పడుతున్న చప్పుడు. నాదొక్కటే మూల ముడుచుకుని ఉంది. వేలు పెడితే వచ్చి వేలి మీద గడ్డం ఆనించింది. వేడిగా ఉంది.

"లేరా తమ్ముడూ," అన్నాను. లేవలేదు.

అప్పుడు ఇంకో ఉపాయం తట్టింది. నా ఎలుకని లేపలేను గానీ, అక్క ఎలుకని ఆపగలను కదా. ఆపితే అక్కకి పసుపు దీపం, మంచం, మందు. అక్క ఎలుక నాలుగో వరసలో ఉంది. చక్రం మీద అది ఉందో లేదో కూడా తెలియనంత జోరుగా తిరుగుతోంది. పుల్ల అడ్డం పెడితే గంట మోగుతుంది. అందుకని లంచం పెట్టాను. ఇంట్లోంచి కొబ్బరుండ తెచ్చి పెట్టాను. కడుపు నిండితే ఏ ప్రాణైనా పడుకుంటుంది కదా.

తిన్నది. మీసాలు తుడుచుకుంది. చక్రమెక్కింది. ఇందాకటికంటే జోరుగా తిప్పింది. నా కొబ్బరుండ బలం కూడా కలిసింది దానికి.

ఇంటికొచ్చేసరికి అక్క దీపం ఎప్పటికంటే పచ్చగా వెలుగుతోంది. లోపల అక్క నేల మీద ఉంది.

"పడుకోలేదురా, నేల తుడుస్తన్నాను," అంది. చేతిలో గుడ్డ లేదు.

శుక్రవారం

ఊరంతా దగ్గుతోంది. ఊరంతా పచ్చగా ఉంది. బళ్ళో మాస్టారు ఎక్కాలు చెబుతూ మధ్యలో ఆగి దగ్గుతుంటే పిల్లలు ఆయనతో పాటు దగ్గుతున్నారు. రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళు ఒకరికొకరు ఆనుకుని రొయ్యల తలలు తీస్తున్నారు. పడవ నడిపేవాడు చుక్కాని మీద వాలి నిద్రపోతే పడవ పాత సినిమాహాలు గోపురాన్ని గుద్దుకుంది. ఏమైందని అడిగితే "నాకేం కాలేదండి, నా జత తిరుగుతంది," అన్నాడు.

ఇంత ఊళ్ళో ఒళ్ళు బాగున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మంచం మీద ఉన్నదీ నేనొక్కణ్ణే. దుప్పటి కింద కాళ్ళు ఆడిస్తున్నాను.

శనివారం

నా ఎలుక పోయింది.

పొద్దున్న వెళ్ళేసరికి నా వేలి కోసం చూసింది. వేలు ఇచ్చాను. కాసేపటికి గడ్డం బరువు తెలియలేదు. అంతే. ఎన్నో ఎలుకలు మారాయి గానీ ఇలా నా చేతిలో పోయింది ఇదొక్కటే. నాకు పుట్టుకతో ఏం తేడా ఉందో గానీ దాని ప్రాణం మీదకి వచ్చింది.

భీమశంకరం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎంత మంచి కుర్రాడు," అన్నారు.

"ఎలకేనా అండి?"

"నువ్వే నాయనా. చిన్న వయసు." నా భుజం పట్టుకుని కాసేపు ఏడ్చి, తరవాత నన్ను పలకరించడం మానేశారు.

దారిలో ఏడుకొండలు మావయ్య ఎదురయ్యాడు. మీ జతెలా ఉంది అని అడగలేదు. నా లోంచి నీళ్ళు చూస్తున్నట్టు చూసి వెళ్ళిపోయాడు. రేవులో చలమయ్య బాబాయి చాప మీద చోటిచ్చాడు.

"రారా. ముగ్గురితో ఆట రక్తి కట్టట్లేదు."

రెండు ముక్కలు వేసి లేచాను. అక్కడా కూర్చోలేకపోయాను.

ఆదివారం

అక్క షెడ్డులో రొయ్యల బుట్ట మీద పడిపోయింది. పచ్చదీపం మనిషి పడిపోవడం అంటూ ఉండదు కాబట్టి ఎవరూ లేపలేదు, చుట్టూ తిరిగి పని చేసుకున్నారు. పోయినవాళ్ళకి ఏ నియమమూ లేదు. నేనూ, చలమయ్య బాబాయీ పెద్ద గంపలో పెట్టి ఇంటికి మోసుకొచ్చాం. ఊపిరి తీస్తుంటే లోపల బుడగలు పగిలినట్టు చప్పుడవుతోంది.

"రేపు... సోమవారం... లోడుంది," అంటోంది.

జతశాలకి పరిగెత్తాను. అక్కడ డాక్టరమ్మ హైమవతి గారు ఉన్నారు. ఎలుకల్ని దిద్దేది ఆవిడే. పోయిన నా ఎలుకని చూడటానికి వేరే ఊరి నుంచి వచ్చారు. పోయినవాడితో మాట్లాడటానికి ఆవిడకేమీ అభ్యంతరం లేకపోయింది.

"నీకు పుట్టుకతోనే ఒక జీను పని చెయ్యదు నూకరాజూ. రూలు ప్రకారం నీ ఎలుకలో కూడా దాన్ని తీసేశాం. వైరస్‌తో పోట్లాడాలంటే ఎలుకకి ఆ జీను కావాలి. అది లేక కూలిపోయింది. మనిషి ఒంట్లో దాని అసలు పని వేరు."

"ఇంజను మాటల్లో సెప్పండి డాక్టరమ్మా."

ఆవిడ ఆలోచించారు. "ఒకే మరమేకు అనుకో. ఎలుక ఇంజనులో అది నూనె గొట్టానిది. తీస్తే బండి నడవదు. నీ ఇంజనులో బ్రేకుది. తీస్తే బండి ఆగదు. జ్వరం వస్తే అందరి ఒంట్లోనూ కాపలావాళ్ళు లేస్తారు, పనయ్యాక పడుకుంటారు. నీ ఒంట్లో వాళ్ళని పడుకోబెట్టే బ్రేకు లేదు. ఎప్పుడూ మేలుకునే ఉంటారు, వైరస్ గుమ్మం ఎక్కగానే తంతారు. అదేం గొప్ప కాదులే. పనిలేని కాపలావాళ్ళు ఇల్లే పాడుచేస్తారు. నీ పుళ్ళు అందుకే."

"నేను ఒక్కచోట కూర్చోలేనిదీ అందుకేనా అండి?"

"కాదు. అది నీ బుద్ధి."

"మరి మా అక్క ఎలక్కి ఏం కాలేదేంటండి?"

"ఈ పీత జ్వరాన్ని ఆపే జీను ఎలుకలకి వాటి వంశంలోనే ఇంకోటి ఉంది. మనకి అది లేదు. నీ ఎలుకకి ఉన్నా, దానికి తోడుండాల్సిన జీను తీసేశాం కాబట్టి పని చెయ్యలేదు. మేం దిద్దేది గుప్పెడు జీన్లే. మిగతాదంతా ఎలుకే."

"అయితే మందు ఇప్పించండి."

"బీరువా తాళం తియ్యాలంటే పంచాయతీ ఒప్పుకోవాలి. రేపు పొద్దున్నే మాట్లాడతాను."

సోమవారం

పంచాయతీ కూర్చుంది. కూర్చుంది అంటే, ఒకరి మీద ఒకరు వాలింది. డాక్టరమ్మ అంతా చెప్పారు. దగ్గుల మధ్య ఖాళీ చూసుకుని చెప్పాల్సి వచ్చింది. ప్రెసిడెంటు గంగాభవాని గారు పైట నోటికి అడ్డం పెట్టుకుని విన్నారు.

"అంటే ఎలకని చూసి మనిషిని సెప్పకూడదంటారు."

"చెప్పకూడదు."

"మనిషిని చూసే మనిషిని సెప్పాలంటారు."

"అదే నేననేది!" డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది.

"అయితే ఊళ్ళో దిట్టంగా ఉన్న మనిషిని ఒకణ్ణి చూసి సెబుదాం."

అందరూ నావైపు తిరిగారు. దగ్గనివాణ్ణి నేనే.

"అతను మీలాంటివాడు కాదండీ," అని డాక్టరమ్మ లేచి నిలబడ్డారు. "అతనికి ఈ జ్వరం రాదు. మీకొస్తుంది. ఎలుకతో చేసిన తప్పే మళ్ళీ చేస్తున్నారు!"

"ఎలకతో కాదు కదమ్మా," అన్నారు ప్రెసిడెంటు గారు ఓపిగ్గా. "ఇప్పుడు మనిషితో కదా."

ఎవరో లేచి, బతికున్న మనిషిని పంజరంలో పెట్టకూడదని చట్టం ఉంది కదా అన్నారు. భీమశంకరం గారు కాగితాలు తిరగేశారు.

"కుర్రాడు శనివారం పోయాడండి. అభ్యంతరం లేదు."

చేతులెత్తారు. సగంమంది ఎత్తిన చెయ్యి దించే ఓపిక లేక అలాగే ఉంచేశారు.

తాడు చుట్టే పెద్ద చెక్క చక్రాన్ని రేవు నుంచి తెచ్చి జతశాల గాజుగదిలో బిగించారు. ఊళ్ళో దీపాలన్నీ దానికి కలిపారు. పాత ఎలుకలన్నింటినీ మడ అడవిలో వదిలేశారు. అవి వెళుతుంటే మహా ఆరోగ్యంగా కనిపించాయి.

మంగళవారం

నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. పుట్టినప్పట్నించీ నన్ను కూర్చో, నిలబడు, కదలకు అన్నవాళ్ళే. మొదటిసారి ఊరంతా కలిసి పరిగెత్తరా అంది. తెల్లారగానే చక్రమెక్కాను. గాజులోంచి ఊరు కనిపిస్తోంది. నేను రెండడుగులు వేసేసరికి వంతెనల పొడుగునా దీపాలు పచ్చగా వెలుగుతూ పోయాయి. తిరునాళ్ళలా ఉంది. ఒక్కొక్క తలుపూ తెరుచుకుని మనుషులు గోడలు పట్టుకుని బయటికి వచ్చారు. అందరూ దగ్గుతున్నారు. నాకేసి చూసి దండం పెట్టి పనికి వెళ్ళారు.

ఎండెక్కాక వంతెన మీద అక్క వచ్చింది. కొంత దూరం నడిచి, కొంత దూరం కూర్చుని జరిగి, గాజు దాకా వచ్చింది. కొప్పు ఊడిపోయి ఉంది. చేతిలో రొయ్యలు వొలిచే కత్తి ఉంది. గాజుకి నుదురు ఆనించింది. ఆనించినచోట గాజు మసకబారింది.

"తిరుగుతన్నావురా?"

"తిరుగుతున్నానక్కా. నువ్వెందుకు లేచావే?"

"నువ్వు తిరుగుతుంటే నేను పడుకుంటే ఎట్టాగరా? నీకు బాగుంటే నాకూ బాగున్నట్టేగా." నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు ఆగేసరికి గాజు వెంట కిందికి జారిపోయింది. కత్తి పడిన చప్పుడు లోపలికి వినిపించింది.

నేను ఇంకా పరిగెడుతూనే ఉన్నాను. అప్పుడు అర్థమైంది. తనని లేపి నడిపిస్తున్నది నా కాళ్ళే.

కూర్చున్నాను.

చక్రం రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఊగి ఆగింది. గంట మోగింది. భీమశంకరం గారు గోడ పట్టుకుంటూ పరిగెత్తుకొచ్చారు. మొహం ఎర్రగా పొంగిపోయి ఉంది.

"ఏమైంది నూకరాజూ? తిరుగు."

"జ్వరమండి," అన్నాను.

"నీకు రాదని డాక్టరమ్మ చెప్పింది కదా!"

"చక్రం తిరగట్లేదు కదండి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. దూరపు గుమ్మం మీద ఒక పసుపు దీపం వెలిగింది. దాని పక్కది వెలిగింది. వంతెనల పొడుగునా పసుపు నడుచుకుంటూ వచ్చి చివరికి జతశాల గుమ్మం మీద ఆయన దీపం దగ్గర ఆగింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మయ్య, నాకు జ్వరం," అని బీరువా తాళంచెవి గంట విని వచ్చిన డాక్టరమ్మ చేతిలో పెట్టి, అక్కడే నేల మీద పడుకుని, గొడుగు తలకింద పెట్టుకున్నారు.

చలమయ్య బాబాయి, మిగతా ఇద్దరూ పేక చాప తెచ్చి అక్కని దాని మీద పడుకోబెట్టారు. మొదటి గ్లాసు అక్కకే. వద్దంటూ దీపం వైపు చూపించబోయింది. దీపం పసుపుగా ఉంది. చెయ్యి దించి తాగేసింది. తరవాత డాక్టరమ్మ లెక్క చెబుతుంటే పోయినవాళ్ళే ఇంటింటికీ మందు మోశారు. ఊళ్ళో పడుకోమనే దీపం లేనిది వాళ్ళకే.

బుధవారం

కూర్చున్నాను. ఈ రాత కూడా చక్రంలో కూర్చునే రాస్తున్నాను. కొంచెం బరువు మారినా చక్రం కదులుతుంది. కదిలితే ఏదో ఒక ఇంట్లో ఎవరో లేచి చెప్పులు వేసుకుంటారు. కుడి పిక్క దానంతటదే ఎగురుతోంది. రెండు చేతులతో పట్టుకున్నాను. చాలక డాక్టరమ్మని తువ్వాలు అడిగి కాలిని చువ్వకి కట్టించుకున్నాను. మాస్టారు కనిపిస్తే చెప్పాలి, ముడి సరిగా వేస్తే ఆగుతుందండి అని.

ఎదురుగా గాజు అవతల అక్క చాప మీద నిద్రపోతోంది. బుడగల చప్పుడు తగ్గింది. ఇందాక కళ్ళు తెరిచి నా కాలికేసి చూసింది.

"ఎంతసేపు కూకుంటావురా అట్టా?"

"నువ్వు పడుకో అక్కా. నాకు జ్వరం."